లెజిస్లేటర్: చట్టాన్ని మోసుకొచ్చే మనిషి

మన బడిలో ఒకటో తరగతి పిల్లలకి కూడా అర్థం చెప్పనక్కర్లేని ఇంగ్లీషు మాట ఒకటుంది. అది ట్రాన్స్‌ఫర్. ఆర్డరు వస్తుంది, సామాన్లు అట్టపెట్టెల్లోకి వెళతాయి, టీసీ తీసుకుంటారు, కొత్త ఊళ్లో కొత్త బెంచీ మీద కూర్చుంటారు. ఈ పాఠం ఆ మాట గురించి కాదు, దానికి దగ్గరి చుట్టమైన మరో మాట గురించి. లెజిస్లేటర్ అనే మాట సాంఘికశాస్త్రం పుస్తకంలో, ఇంగ్లీషు పేపరులో, టీవీ వార్తల్లో రోజూ ఎదురవుతుంది. అర్థం అడిగితే చాలామంది "ఎమ్మెల్యే" అని చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబు తప్పు కాదు కానీ సగమే.

ముందు చుట్టరికం సంగతి చూద్దాం. ట్రాన్స్‌ఫర్‌లో రెండు లాటిన్ ముక్కలున్నాయి. ట్రాన్స్ అంటే అవతలికి. ఫెర్రె అంటే మోయడం, తీసుకుపోవడం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడమే ట్రాన్స్‌ఫర్. లెజిస్లేటర్‌లోనూ రెండు ముక్కలే. లెజిస్ అంటే చట్టం యొక్క, లాటోర్ అంటే మోసుకొచ్చేవాడు. ఈ లాటోర్ కూడా ఫెర్రె అనే క్రియ నుంచి వచ్చిందే. రెండింటికీ ఎక్కడా పోలిక లేదే అనిపిస్తుంది. మన తెలుగులో చూడండి: "వచ్చాడు" అంటాం, "రాలేదు" అంటాం. ఒకదాంట్లో "వచ్చ", ఇంకోదాంట్లో "రా". అయినా క్రియ ఒక్కటే. లాటిన్‌లో ఫెర్రె కూడా అలాగే వేషం మారుస్తుంది. వర్తమానంలో ఫెర్, భూతకాలపు విశేషణంలో లాట్. అందుకే ట్రాన్స్‌ఫర్ (మోసుకుపోవడం), ట్రాన్స్‌లేట్ (ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోసుకుపోవడం) అన్నదమ్ములు. లెజిస్లేటర్ వాళ్ల పెదనాన్న కొడుకు అనుకోండి.

అంటే మాట పుట్టినప్పుడు దాని అర్థం చట్టాన్ని ఆజ్ఞాపించేవాడని కాదు, చట్టాన్ని తెచ్చి సభ ముందు పెట్టేవాడని. పాత రోమ్‌లో పద్ధతి అలాగే ఉండేది. ఒక అధికారి ప్రతిపాదన తెచ్చి పౌరుల సభ ముందు పెట్టేవాడు, పౌరులు ఓటు వేసేవారు. వాళ్లు ఒప్పుకుంటేనే అది చట్టం. తెచ్చినవాడి ఇంటిపేరు ఆ చట్టానికి పడేది. క్రీ.పూ. 287లో హోర్టెన్సియస్ అనే ఆయన తెచ్చిన చట్టాన్ని లెక్స్ హోర్టెన్సియా అన్నారు. మన దేశంలో కూడా ఇలా మనిషి పేరుతో పిలిచిన చట్టం ఒకటుంది. దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఇప్పుడు మన తెలుగు మాట చూడండి. శాసనసభ్యుడు. శాసనం అనగానే చరిత్ర పాఠంలోని రాతి శాసనాలు గుర్తొస్తాయి. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతం నాటిదని చెబుతారు. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో అది ముఖ్యమైనది. శాసనం అంటే రాజు మాట. రాజు చెప్పాడు, రాయి మీద చెక్కారు, అంతటితో అయిపోయింది. చర్చ లేదు, ఓటు లేదు. "ఆ ఇంట్లో తాతగారి మాటే శాసనం" అని ఇప్పటికీ అంటాం. శాసించడం అంటే ఆజ్ఞాపించడం. కాబట్టి తెలుగు మాటలో పైనుంచి కిందికి దిగే ఆజ్ఞ ధ్వనిస్తుంది, లాటిన్ మాటలో సభ ముందుకు తెచ్చిన ప్రతిపాదన ధ్వనిస్తుంది. మాట పాతది కావడం వల్ల వచ్చిన తేడా ఇది, ఎవరి తప్పూ కాదు. కానీ మనవాళ్లు ఎమ్మెల్యేని ఆ ప్రాంతానికి చిన్నపాటి రాజుగా చూడటానికి ఈ మాట కూడా కొంచెం సాయం చేసిందేమో అని నాకు అనుమానం. "చట్టసభ" అనే ఇంకో మంచి మాట మనకుంది. అసెంబ్లీ, పార్లమెంటు అన్నిటికీ కలిపి వాడుకోవచ్చు. లెజిస్లేటర్‌కి సరిగ్గా సరిపోయే తెలుగు మాట "చట్టసభ సభ్యుడు" లేదా "చట్టసభ సభ్యురాలు". శాసనకర్త అని కూడా రాస్తారు. శాసనసభ్యుడు అంటే మాత్రం వాడుకలో ఎమ్మెల్యే ఒక్కరే.

మీరు బదిలీల మీద తిరిగే పిల్లలు కనుక, ఇతర రాష్ట్రాల పిల్లలకి లేని అదృష్టం ఒకటి మీకుంది. ఒకే ఉద్యోగానికి దేశంలో ఎన్ని పేర్లున్నాయో చెవులారా వినగలరు. లక్నోలోనో భోపాల్‌లోనో ఉంటే ఎమ్మెల్యేని విధాయక్ అనడం వినే ఉంటారు. విధి అంటే చట్టం, దాన్ని ఏర్పరిచేవాడు విధాయక్. కోల్‌కతాలో, భువనేశ్వర్‌లో అదే మాట బిధాయక్ అవుతుంది. బెంగళూరుకి వస్తే శాసకరు. ఈ మాట తెలుగు చెవికి గమ్మత్తుగా ఉంటుంది, ఎందుకంటే మనకి శాసకుడు అంటే పాలించేవాడు. కన్నడంలో మాత్రం మామూలు ఎమ్మెల్యే. అహ్మదాబాద్‌లో ధారాసభ్య. ధారా అంటే చట్టం, చట్టంలోని సెక్షన్. నీటిధార కాదు.

పుణే, నాగపూర్ వైపు ఉన్నవాళ్లు ఆమ్‌దార్, ఖాస్‌దార్ అనే మాటలు వింటారు. ఆమ్‌దార్ అంటే రాష్ట్ర చట్టసభ సభ్యుడు, ఖాస్‌దార్ అంటే ఎంపీ. ఈ పేర్లలో ఆమ్ (సామాన్యం), ఖాస్ (ప్రత్యేకం) కనిపిస్తున్నాయి కదా. చట్టం అనే మాటే లేకుండా పేరు పెట్టిన భాష నాకు తెలిసినంతలో ఇదే. ఇంకో విశేషం ఏమిటంటే, మహారాష్ట్రలో ఎమ్మెల్యేకి, ఎమ్మెల్సీకి ఇద్దరికీ ఆమ్‌దార్ అన్న పేరే. అంటే ఇంగ్లీషు లెజిస్లేటర్‌లాగే అది రెండు సభలకీ సరిపోతుంది.

చెన్నైలో సట్టమన్ర ఉరుప్పినర్ అంటారు. నోరు తిరగని మాటలా ఉన్నా, విడదీస్తే మనకి తెలిసినదే. సట్టం మన చట్టమే. మన్రం అంటే సభ. ఉరుప్పు అంటే అవయవం, శరీరంలో భాగం. సభ ఒక శరీరమైతే సభ్యుడు దానికి చెయ్యో కాలో అన్నమాట. ఇంగ్లీషు మెంబర్ అనే మాటకి కూడా లాటిన్‌లో మొదటి అర్థం అవయవమే. ఎక్కడి తమిళం, ఎక్కడి లాటిన్! ఇద్దరికీ ఒకే ఊహ వచ్చింది. తిరువనంతపురంలో సభ పేరు నియమసభ. మలయాళంలో నియమం అంటే చట్టం. అందులో సభ్యుణ్ణి సామాజికన్ అంటారు. సమాజసేవ చేసేవాడని మనం పొరబడతాం. సభలో కూర్చున్నవాడు అనే పాత సంస్కృత అర్థాన్ని ఆ భాష దాచుకుంది.

సరిహద్దు దాటినా పని అదే, పేరే వేరు. పాకిస్తాన్ వార్తల్లో ఎమ్‌ఎన్‌ఏ అంటే జాతీయ అసెంబ్లీ సభ్యుడు, ఎమ్‌పీఏ అంటే ప్రావిన్సు అసెంబ్లీ సభ్యుడు. నేపాల్ ఇంగ్లీషు పత్రికలు లామేకర్ అనే మాట ఎక్కువ వాడతాయి.

మన ఎమ్మెల్యే సంగతి మరీ విచిత్రం. ఇంగ్లీషులో అవి మూడు పొడి అక్షరాలు. మెంబర్ ఆఫ్ లెజిస్లేటివ్ అసెంబ్లీ అనే పొడుగాటి పేరుకి పొట్టిరూపం. తెలుగువాళ్లు వాటిని కలిపేసి, మకారానికి ఒత్తు పెట్టి, లకారానికి యకారం తగిలించి, సొంత మాట చేసేసుకున్నారు. ఎమ్మెల్యే, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్యేగారు. ఊళ్లో ఎవరినైనా అడగండి, ఇది ఇంగ్లీషు అని వాళ్లకి గుర్తే ఉండదు.

ఇక ఇంగ్లీషు వాడుక. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. లెజిస్లేటర్ మనిషి. లెజిస్లేచర్ ఆ మనుషులు కూర్చునే సభ, అంటే చట్టసభ. లెజిస్లేషన్ వాళ్లు చేసే చట్టం, లేదా చట్టాలు చేసే పని. లెజిస్లేటివ్ విశేషణం. పలికేటప్పుడు మొదటి అక్షరం "లె" మీద బరువు వెయ్యాలి. లెజిస్లేటర్, లెజిస్లేచర్ గబగబా పలికితే ఒక్కలాగే వినిపిస్తాయి కనుక వినేటప్పుడు జాగ్రత్త. స్పెల్లింగులో లెజిస్లేటర్ చివర ఓ, ఆర్ వస్తాయి. డాక్టర్, ఎడిటర్, విజిటర్‌లలాగా. లామేకర్ చివర మాత్రం ఈ, ఆర్. అది అచ్చ ఇంగ్లీషు అతుకు.

లెజిస్లేషన్‌కి బహువచనం చెయ్యకండి. నీళ్లకి ఒకటి, రెండు అని లెక్క లేనట్టే దానికీ లేదు. ఒక చట్టం అని చెప్పాలంటే "ఎ పీస్ ఆఫ్ లెజిస్లేషన్" అనాలి, లేదా సులువుగా "ఎ లా" అనాలి. మన దేశంలో పెద్ద పెద్దవాళ్లు కూడా "లెజిస్లేషన్స్" అంటుంటారు. వాళ్లకి మార్కులు వేసేవాళ్లు లేరు, మీకున్నారు. అలాగే ఎమ్మెల్యే ముందు, ఎంపీ ముందు "ఎ" కాదు, "ఎన్" రాయాలి. రాసేది హల్లే అయినా పలికేది "ఎమ్" అనే అచ్చు శబ్దంతో కదా. ఇంకో సంగతి. మన ఇంగ్లీషు పేపర్లు ఎమ్మెల్యే అనే మాటని పేరుకి ముందు బిరుదులా తగిలిస్తాయి. లెజిస్లేటర్‌ని అలా తగిలించడం మన వాడుకలో లేదు. అది మనిషి చేసే పనిని చెప్పే మాట, బిరుదు కాదు.

దీనికి దగ్గరి మాటలు కొన్ని ఉన్నాయి. లామేకర్ అర్థం అదే, అంతర్జాతీయ వార్తల్లో ఎక్కువ కనిపిస్తుంది. లాయర్‌తో కలపకండి, లాయర్ కోర్టులో వాదించేవారు. లాగివర్ అంటే చట్టాన్ని ప్రసాదించినవాడు. యూదుల మోషే లాంటివాళ్లకి వాడతారు. అక్కడ ఓటింగు ఉండదు. పార్లమెంటేరియన్ అంటే మన దేశంలో ఎంపీ, అందులోనూ సభ నడవడి బాగా తెలిసిన ఎంపీ. అమెరికా సెనేట్‌లో మాత్రం పార్లమెంటేరియన్ అంటే సభ్యుడు కాదు, నిబంధనలు వివరించే ఒక ఉద్యోగి. అక్కడి పత్రికలు శీర్షికల్లో సోలన్ అని కూడా రాస్తాయి. క్రీ.పూ. 594 ప్రాంతంలో ఏథెన్స్‌కి చట్టాలు చేసిన పెద్దమనిషి పేరది. అప్పు తీర్చలేని వాళ్లని బానిసలుగా పట్టుకుపోయే పద్ధతిని ఆపింది ఆయనే. ఆయన గొప్పతనం సరే, పేరు పొట్టిగా ఉండి శీర్షికలో పడుతుందనేది అసలు కారణం. ఫిలిప్పీన్స్ పేపర్లలోనూ ఈ అలవాటుంది.

ఎవరు లెజిస్లేటర్ కారో చూస్తే మాట ఇంకా తేటపడుతుంది. సర్పంచ్ ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధే, కానీ లెజిస్లేటర్ కారు. కార్పొరేటరూ అంతే. కంటోన్మెంటులో ఉండే పిల్లలకి తెలిసిన కంటోన్మెంట్ బోర్డు సభ్యులూ అంతే. వీళ్లంతా ప్రజాప్రతినిధులు, చట్టసభ సభ్యులు కారు. కలెక్టరు చట్టాన్ని అమలుచేస్తారు, చెయ్యరు. మంత్రి సంగతి కొంచెం మెలిక. మంత్రిగా ఆయన ప్రభుత్వం నడుపుతారు, అది వేరే పని. అయితే ఆయన చట్టసభ సభ్యుడు కూడా అయి ఉండాలి. కాకపోతే ఆరు నెలల్లోగా అవ్వాలి, లేకపోతే పదవి పోతుంది. రాజ్యాంగం 164వ అధికరణం రాష్ట్ర మంత్రుల గురించి ఈ మాట చెబుతుంది. గవర్నరుది ఇంకో మెలిక. 168వ అధికరణం ప్రకారం రాష్ట్ర చట్టసభలో గవర్నరు కూడా ఒక భాగం, కానీ ఆయన్ని ఎవరూ లెజిస్లేటర్ అనరు.

ఎమ్మెల్సీ లెజిస్లేటరే. కాకపోతే ఎమ్మెల్సీలు అన్ని రాష్ట్రాల్లో ఉండరు. శాసనమండలి ఉన్నవి ఆరు రాష్ట్రాలే: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్. విజయవాడ నుంచి చెన్నైకి బదిలీ అయితే ఎమ్మెల్సీ అనే మాట వార్తల్లోంచి మాయమవుతుంది. తమిళనాడు 1986లో మండలిని తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 1985లో తీసేసి 2007లో మళ్లీ తెచ్చుకుంది. 2020లో మళ్లీ వద్దని అసెంబ్లీ తీర్మానించి, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. సంఖ్యలు కూడా రాష్ట్రానికో తీరు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది, తెలంగాణలో 119, ఉత్తరప్రదేశ్‌లో 403, సిక్కింలో 32.

ఇక ఇందాక చెబుతానన్న పేరు. మీ అమ్మమ్మల అమ్మమ్మలు శారదా చట్టం అనే మాట విని ఉంటారు. శారద అనే ఆవిడ తెచ్చిన చట్టం అని చాలామంది అనుకుంటారు. ఆవిడ కాదు, ఆయన. పేరు హర్‌బిలాస్ శారదా, ఊరు రాజస్థాన్‌లోని అజ్మీర్. శారదా ఇంటిపేరు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఢిల్లీలో కేంద్ర శాసనసభ ఉండేది. ఆయన అందులో సభ్యుడు. మంత్రి కాదు, ప్రభుత్వంలో పదవి లేదు. 1927లో పసిపిల్లల పెళ్లిళ్లు ఆపాలని ఒక బిల్లు తెచ్చి సభ ముందు పెట్టాడు. మొదట అది హిందువులకి మాత్రమే. తరవాత అన్ని మతాలవారికీ వర్తించేలా మార్చారు. ప్రభుత్వం ఒక కమిటీ వేసి దేశమంతా అభిప్రాయాలు తీసుకుంది. మతంలో చెయ్యి పెడుతున్నారని కేకలు వేసినవాళ్లున్నారు, త్వరగా చెయ్యండని సభలు పెట్టిన మహిళా సంఘాలున్నాయి. చివరికి 1929 సెప్టెంబరులో సభ ఒప్పుకుంది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలి. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు.

సభ ఒప్పుకోవడానికీ, అమలుకీ మధ్య ఆరు నెలలు ఉంది కదా. ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో ఊహించగలరా? చట్టం రాకముందే అయిపోవాలని చాలాచోట్ల చంటిపిల్లలకి కూడా గబగబా పెళ్లిళ్లు చేసేశారు. చట్టం వచ్చాక కూడా అది గట్టిగా అమలు కాలేదు, శిక్షలు తేలిక. అయినా ఆ గీత ఒకసారి గీశాక వెనక్కి పోలేదు. 1949లో ఆడపిల్ల వయసు 15 అయింది, 1978లో 18 అయింది, మగపిల్లవాడిది 21 అయింది. 2006లో పాత చట్టం స్థానంలో కొత్త చట్టమే వచ్చింది. ఇవాళ ఈ పాఠం చదువుతున్న తొమ్మిదో తరగతి అమ్మాయి బడిలో ఉంది, అత్తవారింట్లో లేదు. దాని వెనక ఉన్న అనేక కారణాల్లో అజ్మీర్ పెద్దమనిషి మోసుకొచ్చిన ఆ కాగితాలు ఒకటి. లెజిస్లేటర్ అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లుని ప్రైవేటు సభ్యుల బిల్లు అంటారు. పార్లమెంటులో వాటికి శుక్రవారం మధ్యాహ్నాలు కేటాయించారు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టమైనవి 14 మాత్రమే. చివరిది 1970లో. మిగతావన్నీ ప్రభుత్వం తెచ్చే బిల్లులే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చారు. పార్టీ విప్ జారీ చేశాక దానికి విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. పార్టీలు మారి ప్రభుత్వాలని పడగొట్టే జబ్బుకి ఇది మందు. ఆ మందుకి దుష్ఫలితం కూడా ఉంది. సభ్యుడు సొంతంగా ఆలోచించి ఓటెయ్యడం తగ్గిపోయింది. విప్ అంటే కొరడా. వేటలో కుక్కలు చెదిరిపోకుండా అదిలించే మనిషి పేరు నుంచి వచ్చిన మాట. సభ్యులకి ఆ పోలిక నచ్చుతుందో లేదో గానీ మాట మాత్రం స్థిరపడింది.

మరి మన ఊళ్లో మనుషులు ఎమ్మెల్యే దగ్గరికి, ఎంపీ దగ్గరికి దేనికి వెళతారు? రోడ్డు వెయ్యమని, కుళాయి రావట్లేదని, ఆసుపత్రికి ఉత్తరం ఇమ్మని. అవి అడగదగిన విషయాలే. ఎంపీలాడ్స్ అనే పథకం కింద ఒక్కో ఎంపీ ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చెయ్యవచ్చు. బస్టాపులో ఎంపీగారి పేరు రాసి ఉండే షెడ్డు అలా వచ్చిందే. మన కేంద్రీయ విద్యాలయాల్లో కూడా ఒకప్పుడు ఒక్కో ఎంపీ ఏడాదికి పదిమంది పిల్లల ప్రవేశానికి సిఫారసు చెయ్యగలిగేవారు. 2022 ఏప్రిల్‌లో అది తీసేశారు. సీటు కోసం ఎంపీగారి ఇంటి ముందు నిలబడ్డ తల్లిదండ్రుల్లో ఎంతమంది, "సార్, ఈ సమావేశాల్లో ఏ బిల్లు మీద మాట్లాడారు?" అని అడిగి ఉంటారు? అడగలేదని వాళ్లని తప్పుపట్టడం లేదు. అవసరం అలాంటిది. కానీ మనం అడగని పని వాళ్లు శ్రద్ధగా చేస్తారని ఆశించడం కష్టం.

బిల్లు అంటే ఏదో దూరపు వ్యవహారం అనుకోకండి. ఒక్కోసారి చట్టంలో ఒక్క మాట మారిస్తే మీలాంటి కుటుంబం బతుకు మారుతుంది. సైన్యంలో పనిచేసేవారి పిల్లలు ఇది చదవండి. సైనికులు ఎక్కడున్నా సొంత నియోజకవర్గంలోనే సర్వీస్ ఓటరుగా నమోదు కావచ్చు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఇచ్చిన సౌకర్యం అది. ఆ సెక్షన్‌లో, సైనికుడితో కలిసి ఉండే "వైఫ్"కి కూడా ఆ సౌకర్యం ఉంది అని రాశారు. వైఫ్ అంటే భార్య. 1950లో ఆ మాట రాసినవాళ్లకి సైన్యంలో ఉండేది మగవాళ్లే. మరి అమ్మ ఆర్మీ ఆఫీసరు, నాన్న ఆమెతో పాటు క్వార్టర్స్‌లో ఉంటే? నాన్నకి ఆ సౌకర్యం లేదు. డబ్బై ఏళ్లకి పైగా అలాగే ఉంది. 2021 డిసెంబరు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఒక సవరణ బిల్లుని ఆమోదించాయి. అందులో "వైఫ్" తీసేసి "స్పౌజ్" అని పెట్టారు. భార్య అయినా భర్త అయినా ఆ మాట కిందికి వస్తారు. తెలుగులో జీవిత భాగస్వామి అనాలి.

ఒక్క మాట మార్పు ఇది. అయితే రెండు సభల్లోనూ ఒక్కో రోజులో ముగిసిపోయింది. అదే బిల్లులో ఓటరు జాబితాకీ ఆధార్‌కీ సంబంధించిన పెద్ద విషయం కూడా ఉంది. దాన్ని స్థాయీ సంఘానికి పంపి నిదానంగా చర్చించాలని ప్రతిపక్షం అడిగింది, జరగలేదు. మంచి మాట చేర్చిన బిల్లునైనా నాలుగు రోజులు సభలో నలగనిస్తే బాగుండేదని నా ఉద్దేశం. మోసుకొచ్చిన దాన్ని సభలో విప్పి చూడాలి కదా.

ఆ సవరణ పెద్ద తరగతుల పిల్లలకీ పనికొచ్చే మార్పు చేసింది. ఇంతకుముందు ఓటరుగా చేరడానికి జనవరి 1 ఒక్కటే లెక్క. ఆ రోజుకి 18 నిండాలి. జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాది దాకా ఆగాల్సిందే. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు. 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్వీస్ ఓటరు సౌకర్యం మాత్రం పిల్లలకి రాదు. అమ్మానాన్నలతో కలిసి ఉన్నా, మీరు ఉంటున్న చోట మామూలు ఓటరుగా ఫారం 6 నింపాలి. మళ్లీ బదిలీ అయితే కొత్త చిరునామాకి ఫారం 8. పౌర ఉద్యోగాల్లో ఉండి ఊళ్లు మారే అమ్మానాన్నలకీ ఆ ఫారమే. మూడు ఊళ్లు మారినా పాత ఊరి జాబితాలోనే పేరు ఉండిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి.

ఇంట్లో ఒకసారి అడిగి చూడండి: అమ్మ పేరు, నాన్న పేరు ఇప్పుడు ఏ నియోజకవర్గం జాబితాలో ఉన్నాయి? అక్కడి ఎమ్మెల్యేని ఆ భాషలో ఏమంటారు? రాష్ట్ర చట్టసభ చివరి సమావేశాల్లో ఏ బిల్లు వచ్చింది? మొదటి రెండింటికీ జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. మూడోది సభ వెబ్‌సైటులో ఉంటుంది. దొరికినది రెండు వాక్యాల్లో రాసి తెస్తే తెలుగు గోడపత్రికలో పెడదాం.